గుబులుశాలలో విశ్రాంతి

చెప్పుల మీది షాటును వింధ్యావళి ఇంకో రెండు సెకన్లు సాగదీసింది.

గుమ్మం ముందు ఆడవాళ్ల హవాయి చెప్పులు ఒక జత. దాని పక్కనే మగవాళ్ల తోలుచెప్పులు ఒక జత. తోలుచెప్పులు తడిసి ఉన్నాయి. వాటి కింద నుంచి నీళ్లు సన్నగా గడప వైపు పాకుతున్నాయి. కెమెరా కదలదు, మనిషి కనపడడు. మూసిన తలుపు వెనక గడియ పడిన చప్పుడు, ఆ తరవాత ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, అంతే.

పాతకాలం కథ. వాన చెప్పాపెట్టకుండా వచ్చే రోజుల్లోది. ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయి చినుకులు పడుతున్నాయని మేడ మీది బట్టలు తియ్యడానికి పరిగెత్తుతుంది. తలుపు తీసే ఉంచుతుంది. తిరిగి వచ్చేటప్పుడు చేతుల నిండా బట్టలే, కాళ్ల దగ్గర ఏముందో కనపడదు. లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. కెమెరా మాత్రం ఆమె వెంట పోకుండా బయటే ఉండి, ఆ రెండో జతను చూపిస్తుంది. ఇంట్లోకి ఎవడో దూరాడు. ఆ అమ్మాయి తనతో పాటు వాణ్ని కూడా లోపల పెట్టి గడియ వేసుకుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు, చూసేవాళ్లకు తెలుసు.

"ముప్ఫై నాలుగో సెకనులో షాటు మారుతుంది," అంది చెవిపూస ఆమె ఎడమ చెవిలో, ఎప్పటిలాగే తీయగా.

"కోసేది నేనే కదే," అంది వింధ్యావళి.

"అవునండి. ముప్ఫై నాలుగో సెకనులో కోస్తారు."

అక్కడే కోసింది. ఒళ్లు మండింది గానీ, కోతకు అదే సరైన చోటు.

జరగబోయేదంతా చెవిపూసలోంచి ముందే చెప్పేసే యంత్రం పేరు ముందెరుక. అది చెప్పినట్టు జరగడం ఎవరికీ కొత్త కాదు. ఆ ఉదయం ఆమె కళ్లు తెరిచీ తెరవకముందే, ఉప్మాలో కాస్త ఉప్పు తగ్గుతుందని, యారాడ కొండ దగ్గర తీగబండి కాసేపు ఆగుతుందని, పక్కవాటా మొగుడూపెళ్లాలు పోట్లాడుకుని ఆనక నవ్వేస్తారని చెప్పేసింది. అన్నీ అలాగే జరిగాయి. ఎలాగూ నవ్వేస్తామని వాళ్లకూ తెలుసు కాబట్టి పోట్లాటను మొక్కుబడిగా కానిచ్చారు. సముద్రం లోపలికి వచ్చి, విశాఖ కొండలెక్కిన నాటి నుంచి ఊళ్లో ఎవరూ వానలో తడవలేదు, ఎవరికీ బండి తప్పిపోలేదు, ఏ పెళ్లిలోనూ వడ్డించేటప్పుడు కూర చాలకపోవడం జరగలేదు. హాయిగానే ఉంది. ఆ హాయికే గుండెలు బద్ధకించాయి.

అదురూ బెదురూ తగలక తగలక జనం నాడి మందగించింది. వైద్యులు దానికి నాడీమాంద్యమని పేరు పెట్టారు. నగరసభ కొండకొకటి చొప్పున ఉత్కంఠా చికిత్సాలయాలు కట్టించింది. ఆ పేరు పలకలేక జనం గుబులుశాలలన్నారు. మనిషికి వారానికొక మోతాదు, పన్నెండు నిమిషాల సినిమా. చెవిపూస తియ్యడానికి వీల్లేదు, మందుల వేళలూ బండ్ల దారులూ అన్నీ అందులోనే నడుస్తాయి గనక. అంటే, చెవిలో ఒకరు ముగింపు చెప్పేస్తూ ఉన్నా సరే గుండె అదిరేలా సినిమా కూర్చాలి. వింధ్యావళి ఉద్యోగం అదీ.

పక్క బల్ల దగ్గర పోలినాయుడు కళ్లు మూసుకుని ఫ్యాను వింటున్నాడు. ఈ గుబులుశాలలో శబ్దమంతా ఆయనదే. చుట్టరికం ఏమీ లేకపోయినా వింధ్యావళి ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

"ఫ్యాను ఎక్కడ ఆపుదాం బాబాయ్?"

"ఆపడం కాదమ్మా. ముందు నుంచీ కుసింత కుసింత పెంచుకుంటూ వత్తాను. ఎవులికీ తెల్దు. ఆ పిల్ల పడకగది తలుపు కాడికి రాగానే టపీమని తీసీడవే. సెవుల్లో గొయ్యి పడ్డట్టుంటాది సూడు."

"తీసెయ్. ఊపిరి కూడా వినపడకూడదు."

వరండాలో ఏవో బరువైనవి దింపుతున్న చప్పుడయింది. ఎవరొచ్చారో చెవిపూస అప్పటికే చెప్పింది. నగరసభ ఆరోగ్యాధికారి డాక్టర్ భానోజీ లోపలికి వచ్చాడు. మెత్తని మనిషి. చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మాడుగుల హల్వా పట్టుకొస్తాడు. ఇవాళ పొట్లం పెద్దదే.

"హల్వా తెచ్చారంటే కబురు బాగాలేదన్నమాట," అంది వింధ్యావళి.

"మీకు తెలిసే ఉంటుంది కదండీ."

"తెలుసు. అయినా మీ నోటితో చెప్పండి."

డాక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తప్పుగా అనుకోకండి వింధ్యావళి గారూ. మీ సినిమాలంటే నాకు ఇష్టమే. కానీ పోయిన వారం ఇక్కడ మనిషికి నాడి పెరిగింది సగటున పంతొమ్మిది దడలే. ఉన్నట్టుండి బల్లి మీద పడితేనే మనిషికి ముప్ఫై వస్తాయి."

"బల్లి పడుతుందని కూడా ముందే చెప్పేస్తున్నారుగా డాక్టర్ గారూ. ఇప్పుడు దానికీ రావు."

"అదీ నిజమే," అని నవ్వాడాయన. తరవాత నవ్వు తగ్గించి, "సాయంత్రం ఆటకు నేనే వచ్చి కూర్చుంటాను. సగటు నలభై దడలు తగిలితే సరే. తగలకపోతే రేపటి నుంచి ఈ హాల్లో కంపనకుర్చీలు. మీ ఇద్దరికీ వేరే చోట ఏదో ఒక పని చూస్తాం. సాయంత్రం ఇరవై రెండు వస్తుందని ముందెరుక చెబుతోంది మరి," అన్నాడు.

కంపనకుర్చీలు అప్పటికే వరండాలో వరసగా ఉన్నాయి. పోలినాయుడు ఊరుకోలేక ఒకదాంట్లో కూర్చుని పట్టీ బిగించుకున్నాడు. కుర్చీ గడగడలాడింది. "బా...గా...నే... ఉం...ద...మ్మా," అన్నాడు. దిగాక కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. డాక్టర్ ఆయన నాడి చూసి, నలభై ఆరు దడలు పెరిగాయని తృప్తిగా తలాడించి వెళ్లిపోయాడు.

వింధ్యావళికి నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు లేదు. కుర్చీ గుండెను కొట్టిస్తుంది, కాదనడానికి లేదు. కానీ పట్టీలు కట్టుకుని ఎవరికి వాళ్లు ఊగే చోట పక్కవాళ్ల చెయ్యి పట్టుకునే పనేముంది? గుబులుశాలలో ఆమెకు ప్రాణమైనది తెర కాదు. చీకట్లో తెర వైపే చూస్తూ, ఊరూపేరూ తెలియని మనిషి మోచెయ్యి గట్టిగా పట్టేసుకునేవాళ్లు, దీపాలు వెలిగాక సిగ్గుపడి నవ్వేవాళ్లు. ఈ మధ్య అలాంటివాళ్లు తగ్గిపోయారు. రేపటి నుంచి అసలే ఉండరు. ఆ మాట తలచుకుంటే ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఏడవరు," అంది చెవిపూస.

నిజంగానే ఏడవలేదు.

మధ్యాహ్నం మాదిరి ఆటకు సూరీడమ్మ వచ్చింది. తీగబండిలో కండక్టరు. కొండల మధ్య గాలిలో వేలాడుతూ ముప్ఫై ఏళ్లు పనిచేసినా ఒక్కసారీ అదరని గుండె. ఈ గుబులుశాలకు వచ్చేవాళ్లలో ఆవిడదే అన్నిటికన్నా మొద్దు నాడి. ఆవిడకు దడ పుడితే ఊరందరికీ పుట్టినట్టేనని వింధ్యావళి లెక్క.

మొదటి కూర్పులో చెప్పుల షాటు తీసేసింది. దాచిపెడితే భయపడుతుందేమో చూద్దామని. తెర మీద అమ్మాయి ఇంకా మేడమెట్లు ఎక్కుతుండగానే సూరీడమ్మ హాలు వెనకనున్న వింధ్యావళి గది వైపు తిరిగి, "లోపల దొంగోడున్నాడటమ్మా. కత్తీ గిత్తీ ఏటీ నేదట. మంచోడే," అంది. చూసేవాళ్ల దడలు కొలిచే గోడ మీది దడమాని ముల్లు తొమ్మిది దగ్గర కునుకు తీసింది.

రెండో కూర్పులో చెప్పుల షాటు మళ్లీ పెట్టింది. దాచడం ఎలాగూ కుదరదు గనక, చూసేవాళ్లకు అంతా చెప్పేసి అమ్మాయి దగ్గర మాత్రమే దాచాలి. వాడెవడో తెలుసు, ఎక్కడున్నాడో తెలుసు, ఎప్పుడు బయటపడతాడో ఒక్కటే తెలియదు. ఆ ఒక్కదాని కోసం అమ్మాయి బట్టలు మడతపెట్టే షాట్లనూ, మూసి ఉన్న పడకగది తలుపు షాట్లనూ ఒకదాని తరవాత ఒకటి పేర్చింది. మడత షాట్లను పొట్టిగా చేస్తూ, తలుపు షాట్లను పొడుగు చేస్తూ పోయింది. తలుపు కనపడిన ప్రతిసారీ కెమెరా గోరంత ముందుకు జరుగుతుంది. మడతపెట్టిన బట్టలు పెట్టుకోవాల్సిన బీరువా ఆ గదిలోనే ఉంది. బట్టల గుట్ట తరుగుతోంది. సూరీడమ్మ కుర్చీ అంచుకు వచ్చింది. ముల్లు ఇరవై దాటింది.

"ఇంకో పదకొండు సెకన్లకి తలుపు తీత్తాదట," అని సూరీడమ్మ వెనక్కి వాలి, జారిన ముడి విప్పి, తీరిగ్గా మళ్లీ చుట్టుకుంది.

వింధ్యావళి తల పట్టుకుంది. తప్పు ఆవిడది కాదు, కూర్పుదీ కాదు. నగరసభ ముద్ర పడనిదే ఏ సినిమానూ తెర మీదికి రానివ్వరు, మాదిరి ఆటకైనా సరే. ముద్ర పడిన మరుక్షణం మొదటి నుంచి చివరి దాకా ముందెరుక దాన్ని చదివేస్తుంది. పూర్తయిన సినిమాలో దానికి తెలియనిది అంటూ ఉండదు.

"ఇంకొక్కసారి సూద్దాం. శబ్దం మార్చి ఏసీసినాను," అన్నాడు పోలినాయుడు హడావిడిగా.

మూడో కూర్పు మొదలయింది. అమ్మాయి వచ్చింది, గడియ పెట్టింది, చెప్పులు కనపడ్డాయి. బట్టల గుట్ట సగమయింది. ఆఖరి చీర మడత పెట్టకుండానే అమ్మాయి ఒక్కసారి తలెత్తి పడకగది తలుపు వైపు చూసింది. అప్పుడు డప్పులూ వయొలిన్లూ కలిసి ఢామ్మని మోగాయి. తెర నల్లబడింది. దాని మీద పెద్ద పెద్ద పచ్చటి అక్షరాలు పడ్డాయి.

విశ్రాంతి.

హాల్లో దీపాలు వెలిగాయి.

"బాబాయ్!" అని అరిచింది వింధ్యావళి.

పోలినాయుడు నాలిక కరుచుకున్నాడు. "పాత మూస మీద కట్టీసినానమ్మా. మూడు గంటల సినిమాలకి కట్టుకున్న మూస. సగానికి రాగానే దానికదే పడిపోతాది. తీసీడం మర్సిపోనాను. ఇంటర్వెల్ నేని సినిమా కట్టడం నా సేతికి ఎప్పుడూ అలవాటు కాలేదు మరి."

పన్నెండు నిమిషాల సినిమాకు ఇంటర్వెల్! ఇంకెక్కడైనా ఎవరైనా వింటే నవ్విపోదురు. కానీ సూరీడమ్మ నవ్వలేదు. ఇంటర్వెల్ అన్నాక ఏం చెయ్యాలో ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. లేచి ఒళ్లు విరుచుకుంది. "టీ ఏదమ్మా?" అంది. టీ వచ్చేలోగా నేరుగా వింధ్యావళి గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అయితే పాపా, ఆ సెప్పులు దొంగోడివంటావా? సెవిపూస సెప్పినా నాకు నమ్మకం నేదు. దొంగోడైతే ఒక మూలకి దాసుకుంటాడు గానీ, ఇంటల్లుడిలాగ గుమ్మం ముందు జతగా ఇడుత్తాడా?"

"అలవాటు పిన్నీ. దొంగయినా మనవాడే కదా. ఇల్లంతా బురద చేస్తాడా?"

"అదీ నిజవే. అయితే ఆ పిల్లకి తెలిసిపోయిందంటావా? అలగ తలెత్తి సూసింది కాదేటి? తెలిసే సూసిందా, ఊరికే సూసిందా?"

మాట్లాడుతూనే ఆవిడ తన మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంది. వింధ్యావళి దడమాని వైపు చూసింది. ముప్ఫై మూడు. తెర మీద బొమ్మ లేదు, చీకటి లేదు, సంగీతం లేదు, ముల్లు మాత్రం ఎక్కుతోంది.

"పిన్నీ, నీ చెవిపూస ఏమీ చెప్పడం లేదా?"

"మాటాడతన్నాను కదమ్మా. మజ్జిలో అదెలా మాటాడతాది?"

మనిషి మాట్లాడుతుంటే చెవిపూస కలగజేసుకోదు. ఎవరి మాటకూ అడ్డురాకూడదన్నది దానికి మొట్టమొదట నేర్పిన మర్యాద. ఆ మర్యాద అందరికీ తెలుసు, దానితో ఏమైనా చెయ్యొచ్చని మాత్రం ఎవరికీ తట్టలేదు. గంట మోగింది, సూరీడమ్మ కూర్చుంది, నోరు మూసుకుంది. చెవిపూస నోరు తెరిచింది. ముల్లు పన్నెండుకు జారిపోయింది.

వింధ్యావళి లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. ఇంటర్వెల్ దడ పుట్టిస్తుంది, తరవాతి సగం దాన్ని చంపేస్తుంది. ఎందుకంటే తరవాతి సగం పూర్తయి ఉంది.

"బాబాయ్, సగానికే ముద్ర వేయిద్దాం," అంది.

"సగవా? మిగతాదో?"

"మిగతాది కోసి పెట్టను. విశ్రాంతి తరవాత ఈ బల్ల మీద నుంచి నేరుగా తెర మీదికి వదులుతాను. ముగింపులు రెండు తీసే ఉన్నాయిగా. ఎడమ బొత్తాం నొక్కితే అమ్మాయి తలుపు తీస్తుంది. కుడి బొత్తాం నొక్కితే తలుపు లోపలి నుంచి దానంతట అదే తెరుచుకుంటుంది. ఏది వేస్తానో అప్పుడే చూసుకుంటాను."

పోలినాయుడు గడ్డం గోక్కున్నాడు. "సినిమాని సదవకపోతే నిన్ను సదివేత్తాదమ్మా. నీ సెయ్యి ఎటెల్తాదో నీకన్నా దానికే బాగా తెలుసు."

"చదవనీ. చూద్దాం," అంది వింధ్యావళి. మాట ధీమాగానే వచ్చింది గానీ లోపల ధీమా ఏమీ లేదు.

సాయంత్రానికి హాలు నిండింది. నాలుగు కొండల నుంచి జనం వచ్చారు. డాక్టర్ భానోజీ మధ్య వరసలో కూర్చుని పక్కవాళ్లకు హల్వా పంచాడు. సూరీడమ్మ అక్కడక్కడే తిరుగుతూ, ఇంటర్వెల్ ఉందని తన బండి దిగిన వాళ్లందరికీ చెప్పేసింది. ఆ మాట విని ఎవరో పెద్ద డబ్బాతో మురీ మిక్చర్ కూడా తెచ్చి పెట్టుకున్నారు.

దీపాలు ఆరాయి. అమ్మాయి మేడ మీదికి పరిగెత్తింది. చినుకుల చప్పుడు, గాలికి కొట్టుకునే దుప్పటి. గడియ పడింది. చెప్పులు కనపడగానే హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. చెవిపూసలు అప్పటికే చెప్పి ఉంటాయి, అయినా అన్నారు. పోలినాయుడు ఫ్యాను పెంచుకుంటూ వచ్చాడు. బట్టల గుట్ట తరిగింది. అమ్మాయి తలెత్తింది. ఢామ్. విశ్రాంతి.

ఆ పదం పడగానే హాలు మొత్తం ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టింది. మురీ మిక్చర్ డబ్బా చేతులు మారింది. లోపల ఉన్నది మొగుడని ముందు వరసలో ఆయన, అన్న అని ఆయన భార్య. అద్దె అడగడానికి వచ్చిన ఇంటి ఓనరని ఇంకొకావిడ, ఆ మాటకు అందరికన్నా ఎక్కువ భయపడ్డాడు ఒక కుర్రాడు. దొంగ చెప్పులు విడుస్తాడా విడవడా అన్న దాని మీద నడవాలో రెండు పార్టీలు తయారయ్యాయి. విడవని పార్టీ మీద సూరీడమ్మ "దొంగోడైనా మనోడే కాదేటి" అని చెయ్యి ఊపుతూ విరుచుకుపడింది. ఇంతమంది నోళ్లు ఆడుతుంటే చెవిపూసలన్నీ మర్యాదగా ఊరుకున్నాయి. ముల్లు ముప్ఫై ఆరు దగ్గర వణికింది.

డాక్టర్ భానోజీ గది గుమ్మంలోకి వచ్చాడు. మొహం గంభీరంగా పెట్టాడు.

"రెండో సగానికి ముద్ర పడలేదని కబురొచ్చింది."

"పడలేదండి."

"అంటే ముగింపు..."

"ఇంకా కొయ్యలేదు."

ఆయన నియమం ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచి, ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించి, "లోపల ఉన్నది మొగుడేనా అండీ?" అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోగా గంట మోగింది. డాక్టర్ తన కుర్చీ వైపు పరిగెత్తాడు.

రెండో సగం. అమ్మాయి ఆఖరి చీర మడతపెట్టింది. బట్టలు గుండెలకు ఆనించుకుని నడిచింది. వింధ్యావళి ఒక్కొక్క షాటునూ చేత్తో వదులుతోంది. పాదాలు, తడి నేల, తలుపు. పాదాలు, తలుపు. అమ్మాయి చెయ్యి తలుపు పిడి మీద పడింది. ఫ్యాను చప్పుడు టక్కున మాయమయింది. వింధ్యావళి బొటనవేలు ఎడమ బొత్తాం మీద ఆగింది.

"వింధ్యావళి గారు ఎడమ బొత్తాం నొక్కుతారు. అమ్మాయి తలుపు తీస్తుంది," అంది చెవిపూస, ఆమె చెవిలోనూ, హాల్లో అందరి చెవుల్లోనూ.

జనం ఊపిరి వదిలారు. వెనక వరసలో ఎవరో లేచి పంచె సర్దుకున్నారు. ముల్లు ఇరవై అయిదుకు పడింది.

ఆమె నిజంగా ఎడమదే నొక్కబోయింది. అదే మంచి ముగింపు. ఉదయం ముప్ఫై నాలుగో సెకనులో కోసినట్టే, ఇది కూడా సరైనదని నొక్కేసి ఇంటికి పోవచ్చు. ఇన్నేళ్లూ ఆమె చేసింది అదే. ఊరంతా చేసింది అదే. ముందెరుక చెప్పేది ఎప్పుడూ సబబుగానే ఉంటుంది కాబట్టి, విన్నాక అడ్డం తిరిగే మనిషి దానికి ఇంతవరకూ తగల్లేదు. తిరిగి లాభమేమిటని ఎవరూ తిరగలేదు.

వింధ్యావళికి ఒళ్లు మండింది. వేలు కుడి బొత్తాం మీదికి జరిపింది.

"కుడి బొత్తాం," అంది చెవిపూస వెంటనే. "తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది."

వేలు మళ్లీ ఎడమకు వచ్చింది.

"ఎడమ."

కుడికి పోయింది.

"కుడి. ఎడమ. క్షమించండి, కుడి."

హాల్లో ముందు నవ్వులు వినపడ్డాయి. తెర మీద అమ్మాయి చెయ్యి పిడి మీద అలాగే ఉంది. వింధ్యావళి ఆ షాటును ఆపలేదు, తిప్పి తిప్పి వేస్తోంది. వేళ్లు బిగుసుకుంటాయి, సడలుతాయి, మళ్లీ బిగుసుకుంటాయి. చెవిపూస ఏది చెబితే దానికి ఎడ్డెమంటే తెడ్డెం అంటోంది ఆమె. అది చెప్పకుండా ఊరుకుంటే తనూ ఆగుతోంది. నవ్వులు తగ్గాయి. లేచినాయన మెల్లగా కూర్చున్నాడు. పోలినాయుడు తన బల్ల మీద రెండు చేతులూ ఎత్తేసి, ఊపిరి బిగబట్టి ఆమె వేలి వైపే చూస్తున్నాడు.

చెవిపూస చాలాసేపు ఏమీ అనలేదు. అంతసేపు అది ఊరుకోవడం హాల్లో ఎవరూ ఎరగరు. తరవాత అందరి చెవుల్లోనూ ఒక్కసారే అంది.

"తెలియదు."

కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరస భార్య మొగుడి చెయ్యి పట్టుకుంది. ఓనరు పార్టీ ఆవిడ పక్కనున్న కుర్రాడి మోచెయ్యి పట్టుకుంది, వాడు రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. డాక్టర్ భానోజీ ఎవరి భుజమో పట్టుకుని సగం లేచి నిలబడిపోయాడు. "ఓలమ్మో, దానికీ తెల్దటర్రా!" అని సూరీడమ్మ కేక పెట్టింది. ముల్లు నలభై దాటింది, యాభై దాటింది, చివరికంటా పోయి అక్కడి మేకుకు కొట్టుకుంది. వింధ్యావళి దాన్ని చూడలేదు. తన గుండె తనకే వినపడుతోంది. ఏ బొత్తాం నొక్కుతుందో ఆమెకూ తెలియదు. చిన్నప్పటి నుంచి ఏనాడూ ఇంత భయం వెయ్యలేదు, ఇంత సంతోషమూ వెయ్యలేదు.

అప్పుడు చెవిపూస మళ్లీ మాట్లాడింది. ఈసారి ఆమె ఒక్కదాని చెవిలోనే. గొంతులో ఎప్పటి తీపి లేదు. తొందర ఉంది.

"వింధ్యావళి గారూ, తరవాత ఏమవుతుందండీ?"

"నోరు మూసుకుని సినిమా చూడు," అని వింధ్యావళి బొత్తాం నొక్కింది.